ఆర్. యు. ఆర్.

ఆర్. యు. ఆర్. అనునది చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రచించి ప్రకటించిన నాటకము. ఒక ప్రస్తావనయు మూడంకములును గల ఈ కృతి వలననే 'రోబోట్' అను పదము లోకమునకు దక్కినది. చాకిరికై తయారు చేయబడిన కృత్రిమ జీవులు ఒకనాడు తమ్ము తామెఱిగి, తమ్ము చేసినవారి మీదనే తిరుగబడుట యను ఇతివృత్తమును ఇరువదవ శతాబ్దపు రంగస్థలమునకును, పిదప వెండితెరకును అందించిన మూలకృతియు నిదియే. ఇంత ప్రసిద్ధమైన గ్రంథమును గూర్చి ఇంతగా పాదుకొనిన అపోహ మఱియొకటి యుండదేమో. రోబోట్ అనగానే ఇనుపరేకుల దేహము, కన్నుల తావున దీపములు, అడుగు వేసినప్పుడెల్ల కిఱ్ఱుమను కీళ్లు మన మనస్సున మెదలును గాని, చాపెక్ నాటకమున అట్టి జీవి వెదకినను కానరాదు. అతని రోబోట్లు రక్తమాంసములు గలవి, చర్మము గలవి. చూపునకు మనుష్యులకును వానికిని భేదము తెలియదు. మనిషినుండి పనికక్కరలేని దంతయు తీసివేసి, పనివానిని మాత్రము మిగిల్చినచో ఏమగునన్నదే ఇందలి ప్రశ్న.

నాటకపు పూర్తి పేరునకు 'రోసుమ్ వారి సార్వత్రిక రోబోట్లు' అని అర్థము. ఇది ఒక కర్మాగారము పేరు, అచ్చమైన వ్యాపారనామము. రోసుమ్ అను ఇంటిపేరు చెక్ భాషలో బుద్ధికి, వివేకమునకు పర్యాయమైన పదమును కొంచెము మార్చి చేసినది గనుక, తెలుగున హాస్యమునకు 'బుద్ధిరాజు వారి కంపెనీ' యనుకొన్నచో చాపెక్ ఉద్దేశించిన చురుకు కొంతవఱకు చేతికందును.

'రోబోట్' పదము పుట్టిన వైనమును చాపెక్ 1933లో తాను పనిచేయుచున్న 'లిదోవె నోవిని' పత్రికలో స్వయముగా వివరించెను. కథ తట్టిన వెంటనే అతడు తన అన్నయు చిత్రకారుడునగు యోసెఫ్ వద్దకు పరుగెత్తెనట. యోసెఫ్ అప్పుడు పటము ముందు నిలిచి రంగులు వేయుచుండెను. తమ్ముడు కథను నాలుగు మాటలలో చెప్పి, ఈ కృత్రిమ కూలీలకు పేరు కుదురకున్నదనియు, శ్రమ యను అర్థము గల లాటిను పదమునుండి ఒకటి చేసికొంటిని గాని అది పుస్తకపు వాసన కొట్టుచున్నదనియు మొఱపెట్టుకొనగా, పండ్ల నడుమ కుంచె కఱచిపట్టియున్న అన్న, పటము మీది చూపు మరల్చకయే, వారిని రోబోట్లని పిలువుమని గొణిగెనట. ప్రపంచభాషలన్నియు స్వీకరించిన పదము ఇట్లు అర్ధస్ఫుటముగా పుట్టినది. దానిని తన ఖాతాలో వ్రాసికొనుటకు ఎంత వీలున్నను కారెల్ చాపెక్ అన్నది అన్నకే చెల్లించెను.

యోసెఫ్ నోట వెలువడినది కేవలము కల్పితపదము కాదు. 'రోబొత' యనగా వెట్టి. బొహీమియా రైతు తన భూస్వామి పొలమున వారమున కొన్ని దినములు కూలి లేక పనిచేయవలసిన కట్టుబాటునకది పేరు. 1775లో అచ్చట రైతుల తిరుగుబాటు చెలరేగిన పిమ్మట మారియా తెరీసా రాణి ఒక శాసనముచే దానికి హద్దులు పెట్టినది. పూర్తిగా రద్దయినది 1848లో. కావున 1890లో పుట్టిన చాపెక్ తరమునకు అది తాతలనాటి మాటయే. దొర గడీలో వెట్టి చేసిన తరములను ఎఱిగిన తెలంగాణపు పాఠకునకు ఈ పదమును విప్పి చెప్పనక్కరలేదు. రోబోట్ అన్న మాటలో యంత్రపు చప్పుడు లేదు, కూలి లేని చాకిరి యున్నది. ఆ మాటను అట్లు విన్నవారికే నాటకపు మర్మము చిక్కును.

చాపెక్ బొహీమియాలోని మాలె స్వాతొన్యొవిత్సె గ్రామమున వైద్యుని ఇంట జన్మించెను. ప్రేగ్ నగరమున తత్త్వశాస్త్రము చదివి 1915లో డాక్టరేటు పొందెను. వెన్నెముక జబ్బు వలన మొదటి ప్రపంచయుద్ధమున సైన్యమునకు పోవలసిన పని తప్పినది గాని, మనుష్యులను గుంపులుగా కూర్చి, సంఖ్యలు వేసి, సామగ్రివలె ఖర్చుపెట్టిన ఆ యుద్ధపు నీడ అతని రచనలన్నిటిపైనను కలదు. నాటకమునకు బీజము ఒక ట్రాము ప్రయాణమున పడినదని అతడొకమారు చెప్పెను. శివారునుండి ప్రేగ్ నగరమునకు వచ్చు ఆ బండిలో జనము లోపలను మెట్లమీదను క్రిక్కిఱిసి యుండిరట. గొఱ్ఱెలవలె గాక యంత్రములవలె నిలుచున్న వారిని చూచి, ఆలోచింపక పనిమాత్రము చేయు జీవులను గూర్చి తాను తలపోసితిననెను. అంతకు పూర్వమే అన్నదమ్ములు కలిసి 'సిస్టం' అను చిన్నకథ వ్రాసియుండిరి. అందొక యజమాని తన కార్మికులనుండి కోరికలన్నిటిని ఊడ్చివేసి కేవలము పనిముట్లుగా దిద్దును. వారిలో ఒకనికి సౌందర్యస్పృహ కలుగుటతో ఆ ఏర్పాటంతయు కూలిపోవును. ఆర్. యు. ఆర్. ఈ చిన్నకథకు పెద్దకొడుకు వంటిది.

కథాస్థలము సముద్రమధ్యమున నొక ద్వీపము. అచ్చట వృద్ధ రోసుమ్ అను శాస్త్రజ్ఞుడు జీవపదార్థమును పోలిన వేఱొక పదార్థమును కనిపెట్టి, దేవుడనవసరమని నిరూపించు పట్టుదలతో, మనిషిని నఖశిఖపర్యంతము మక్కికి మక్కిగా చేయబోయి, పది సంవత్సరములు శ్రమించి, మూడు దినములు మాత్రము బ్రతికిన ఒక జీవిని సృష్టించును. పిదప వచ్చిన యువ రోసుమ్ ఇంజనీరు. పనివానికి వయొలిను వాయించుట యెందుకు, షికారు పోవలెనను కోరిక యెందుకు అని లెక్కవేసి, అనవసరములన్నియు కొట్టివేసి, చౌకయైన నమూనా నొకటి సిద్ధపఱచును. తెర లేచునప్పటికి ఆ యిరువురును గతించిరి. కర్మాగారము డోమిన్ అను డైరెక్టరు చేతిలో నున్నది. గోడలమీద ప్రకటనపత్రములు వ్రేలాడుచున్నవి. వానిలో నొకటి ఉష్ణదేశములకు అనువైన క్రొత్త రోబోట్ వెల నూటయేబది డాలర్లని చాటుచుండును.

ఆ కర్మాగారపు వర్ణనను కొంచెము దగ్గఱగా చూడవలెను. పిండి పిసుకు తొట్లవంటి తొట్లలో ముద్ద కలుపుదురు. ఒక్కొక్క తొట్టి వేయి రోబోట్లకు సరిపడునది. కాలేయములకు, మెదళ్లకు వేఱువేఱు గంగాళములు కలవు. ఎముకల కార్ఖానా వేఱు. నూలుమిల్లున నరములు వడకుదురు, రక్తనాళములు వడకుదురు, మైళ్లకొలది పేగులు వడకుదురు. ఆ మీద అన్నిటిని ఒకచోట చేర్చి మోటారుకారువలె కూర్తురు. పిండివంటయు, నేతపనియు, కార్ల తయారీయు కలగలిసిన ఈ వర్ణన వినువారికి నవ్వు వచ్చును. నవ్వు ముగియునంతలో ఒడలు జలదరించును. చాపెక్ ఈ రెంటిని విడదీయక నాటకమంతట నడిపెను. అతనిని భయానకరచయితగా మాత్రమే చదువువారు ఈ హాస్యమును జాఱవిడుచుకొందురు.

ప్రస్తావనలో హెలెనా గ్లోరీ అను యువతి ద్వీపమునకు వచ్చును. ఈమె ఒక దేశాధ్యక్షుని కుమార్తె. రోబోట్లకు హక్కులు కల్పింపవలెనను మానవతాసంఘము పక్షమున వచ్చినది. ఆఫీసులో టైపు చేయుచున్న సుల్లా యను రోబోట్‌ను చూచి మనుష్యస్త్రీ యని నమ్మి, ఆమె రోబోట్ అని డోమిన్ చెప్పగా మోసమని కోపించును. నమ్మకమునకై సుల్లాను కోయించి చూపుదునని డోమిన్ అనగా హడలిపోవును. సుల్లా మాత్రము చలింపదు. వెనువెంటనే లోనికి వచ్చిన కర్మాగారపు అధికారులనేమో హెలెనా రోబోట్లని భ్రమించి వారికి తిరుగుబాటు బోధించును! సుల్లా, మారియుస్ అను పేర్లు ప్రేయసీప్రియులవని తలచి డోమిన్ తన రోబోట్లకు పెట్టెను. వారొకరితో నొకరు పోరాడిన రోమను సేనానులని హెలెనా దిద్దవలసివచ్చును. చరిత్ర తెలియనివారి చేతిలో మనుష్యజాతి భవిష్యత్తు ఉన్నదని చెప్పుటకు ఇంతకంటె తేలికైన ఉపాయము లేదు.

ఇఁక రోబోట్లకు ఆత్మస్పృహ ఎట్లు కలిగెనన్నది నాటకమునకు గుండెకాయ. దీనిని తరువాతివారు పిడుగుపాటుగను, మీట నొక్కిన ఫలముగను చూపిరి గాని చాపెక్ కల్పన వీనికంటె సూక్ష్మమైనది. ఆత్మను ఏల చేయరాదని హెలెనా అడుగగా అధికారులు ఉత్పత్తివ్యయము పెరుగునని బదులిత్తురు. అయినను అదే వ్యయభయము వారిచే మఱియొక పని చేయించుచున్నది. రోబోట్లకు నొప్పి తెలియదు. అందుచే అవి యంత్రములో చేయి పెట్టి వ్రేళ్లు తెగినను, తల చితికినను లక్ష్యపెట్టవు, సరకు పాడగుచున్నది. కావున శరీరశాస్త్రజ్ఞుడగు డాక్టరు గాల్ వానికి బాధను ప్రవేశపెట్టు ప్రయత్నములో నుండును. ఉద్దేశమంతయు నష్టనివారణమే. అప్పటికే అప్పుడప్పుడొక రోబోట్ అకస్మాత్తుగా చేతిలోనిది పాఱవైచి, పండ్లు కొఱుకుచు, నిలువున బిగిసిపోవుచుండును. అధికారులు దీనిని రోబోట్ల వంకర యని, ఉత్పత్తిలోపమని వ్రాసికొని ఆ రోబోట్‌ను నలుగగొట్టు మిల్లునకు పంపుదురు. హెలెనా ఒక్కతియే అది ఆత్మ యని, పోరాట మని గుర్తించును.

పదేండ్లు గడచును. హెలెనా డోమిన్ భార్య యైనది. ఆమె ప్రార్థనచే గాల్ రహస్యముగా కొన్నివందల రోబోట్ల నిర్మాణమును మార్చెను; ఆత్మ నిచ్చితినని అతడనడు, స్పందనశీలమును సవరించితినని మాత్రమే అనును. వారిలో రాడియుస్ అనువానికి పెద్ద మెదడు పెట్టి గ్రంథాలయమున నియోగించిరి. వాడొకనాడు పని నిరాకరించి, తనకు యజమాని అక్కరలేదని, తానే యజమాని కావలెనని తెగేసి చెప్పును. గాల్ వాని కనుపాపలను, గుండె కొట్టుకొనుటను పరీక్షించి, ఇది వంకర కాదని తెలిసికొనును. మిల్లునకు పోవలసిన వానిని హెలెనా కాపాడును. తిరుగుబాటునకు నాయకుడు వాడే యగును. గమనింపదగిన దేమనగా, రోబోట్‌కు కలిగిన తొలి స్పృహ ప్రేమ కాదు, జ్ఞానము కాదు, ఆజ్ఞాపింపవలెనను కోరిక. యజమానులనుండి అవి నేర్చినది అదియే మఱి!

ఈ లోపల లోకమున పనివారి బ్రతుకుతెరువు పోయి వారు రోబోట్లను పగులగొట్టగా, ప్రభుత్వములు రోబోట్లకే తుపాకులిచ్చి వారిని అణచినవి. పిదప యుద్ధములకును వానినే వాడినవి. పనిలేని మనుష్యులకు బిడ్డలు కలుగుట మానెను. అధికారులు మాత్రము దిగులు పడక తపాలా యోడకై ఎదురుచూతురు. ఆ యోడ కాలపట్టిక ప్రకారము నిమిషము తప్పక వచ్చును. కాలపట్టిక నడచుచున్నంత కాలము లోకము నడచుచున్నట్లేయని వారు సంతోషించి విందునకు కూర్చుందురు. తీరా ఆ యోడ తెచ్చినది మనుష్యులనందఱిని చంపవలసినదని రోబోట్లు రోబోట్లకు వ్రాసికొన్న కరపత్రముల మూటలు. కాలపట్టికను మనుష్యులకంటె రోబోట్లే మేలుగా పాటింపగలవని వారికి తోచనేలేదు. నాటకమున ఉత్కంఠకు పరాకాష్ఠ ఈ ఘట్టము; తుపాకి పేలక ముందే ప్రేక్షకునకు ఊపిరి ఆగును.

రోబోట్ల ముట్టడిలో చిక్కినవారు బాధ్యత ఎవరిదని విచారించుకొను దృశ్యము అంతకంటె లోతైనది. తప్పు తనదని హెలెనా యనును, తనదని గాల్ యనును. వాణిజ్యాధికారి బుస్మన్ మాత్రము లెక్కలు తీసి, మార్చబడిన రోబోట్లు కొన్నివందలే, అమ్మినవి లక్షోపలక్షలు గనుక తిరుగుబాటునకు కారణము ఆత్మ కాదు, సంఖ్య యని తేల్చును. కోరినది లోకము, తాము ఆ గిరాకీ వెంట కొట్టుకొనిపోయితిమనును. డోమిన్‌కు ఆ క్షణమునను క్రొత్త పథకమే తోచును. ఇకమీద దేశదేశమున కర్మాగారములు పెట్టి, వేఱువేఱు రంగుల, వేఱువేఱు భాషల రోబోట్లను చేసినచో అవి ఒకదానినొకటి ద్వేషించుకొనును, ఏకము కాజాలవు అని. విభజించి పాలించు పద్ధతిని చూచిన దేశపు పాఠకునకు ఇది విడ్డూరముగా తోపదు. ఇంతలో తెలియవచ్చినదేమనగా, రోబోట్లతో బేరమాడుటకు పనికివచ్చు ఏకైక ధనము, అనగా రోబోట్ల తయారీ సూత్రము గల రోసుమ్ వ్రాతప్రతిని, మనుష్యులకు మరల బిడ్డలు కలుగుదురను ఆశతో హెలెనా ఆ యుదయముననే పొయ్యిలో వేసినది. బుస్మన్ నోట్లకట్టలతో రోబోట్లను కొనబోయి విద్యుత్తు పాఱుచున్న కంచె తాకి చచ్చును. అందఱును హతులగుదురు, ఆల్క్విస్ట్ ఒకడు తప్ప. అతడు కట్టడముల అధికారి. తీరిక దొరికినప్పుడెల్ల తన చేతులతో ఇటుకలు పేర్చువాడు. చేతులతో పనిచేయువాడు తమవాడేయని రోబోట్లు అతనిని విడిచిపెట్టును.

చివరి అంకమున లోకమంతయు రోబోట్లదే గాని వాని ఆయువు ఇరువదేండ్లు. సంతానము లేదు, సూత్రము కాలిపోయినది. ఆల్క్విస్ట్ ఎంత శోధించినను రహస్యము చిక్కదు. అప్పుడొక తెల్లవాఱుజామున ప్రిముస్ అను రోబోట్, హెలెనా యనుపేరి స్త్రీరోబోట్ ప్రయోగశాలలోనికి వత్తురు. ఆమె నవ్వు విని ఆల్క్విస్ట్ నిద్ర లేచును. నవ్వు విని అతనికెంత కాలమైనదో! పరీక్షింపదలచి, ఆమెను కోయవలెననగా ప్రిముస్ అడ్డుపడును. వానిని కోయుదుననగా ఆమె తన్ను కోయుమనును. ఆల్క్విస్ట్ వారిని ఆదాము అవ్వలుగా దీవించి పంపివేయును. బాధలో మొదలిడి అధికారేచ్ఛగా చెలరేగిన స్పృహ, ఒకరికై యొకరు చావ సిద్ధపడుటలో ఇట్లు నిలుకడ చెందినది. ఈ ముగింపు భావుకత మితిమీఱినదని ఆక్షేపించినవారు పలువురు. ఆ యాక్షేపణ త్రోసివేయదగినది కాకున్నను, రంగస్థలముపై ఆ నవ్వు వినవచ్చిన క్షణము మాత్రము వాదమునకు లొంగదు.

నాటకమును ప్రేగ్ జాతీయ నాటకశాల 1921 జనవరి 25న ప్రదర్శించెను. దుస్తులు యోసెఫ్ చాపెక్ కల్పించెను. అయితే అంతకు మూడు వారముల ముందే, జనవరి 2న, హ్రాదెత్స్ క్రాలొవె పట్టణపు ఔత్సాహిక నటులు దీనిని ఆడివేసిరి. 1922 అక్టోబరులో న్యూయార్కున థియేటర్ గిల్డ్ వారు ప్రదర్శింపగా 184 ఆటలు నడచినది. ఆ రోబోట్ల వేషములలో నిలిచిన అనామక యువకులలో పిదప సినిమాలలో విఖ్యాతుడైన స్పెన్సర్ ట్రేసీ యొకడు. 1923లో లండనున ఆడినప్పుడు బెర్నార్డ్ షా, చెస్టర్టన్ మొదలగువారు బహిరంగచర్చకు దిగిరి. వారందఱును రోబోట్లను గూర్చియే వాదించుట చూచి చాపెక్ నొచ్చుకొని, తనకు రోబోట్లకంటె మనుష్యులమీదనే ఎక్కువ ఆసక్తి యనియు, ఇందు డోమిన్, ఆల్క్విస్ట్, హెలెనా మొదలగువారు ఎవరికి వారే సత్యము పలుకుచున్నారనియు, సత్యమునకు సత్యముతో కలుగు ఘర్షణయే తన నాటకమనియు సమాధానము వ్రాసెను. ఆ నాడు ఆంగ్లలోకము చూచినది పాల్ సెల్వర్ అనువాదమునకు రంగస్థలోచితముగా కోతలు పెట్టిన ప్రతి. అందు దామోన్ అను రోబోట్ పాత్రయే మాయమైనది. 1924లో టోక్యోలోని త్సుకిజి నాటకశాలలో ఆడిరి. 1938 ఫిబ్రవరి 11న బి.బి.సి. ఇందలి భాగములను టెలివిజనులో ప్రసారము చేసినది. టెలివిజనున ప్రసారమైన తొలి విజ్ఞానకాల్పనిక నాటకముగా దీనిని చెప్పుదురు.

పదము వ్యాపించిన కొలదియు అర్థము లోహముగా గట్టిపడినది. 1928లో లండనున ఒక ప్రదర్శనమున ఎరిక్ అను అల్యూమినియపు బొమ్మమనిషి లేచి నిలిచి ఉపన్యాసమిచ్చెను. వాని ఱొమ్ముపై ఆర్. యు. ఆర్. అను అక్షరములే చెక్కియుండెను! అదే సంవత్సరమున జపానునందు మకోతొ నిషిమురా అను జీవశాస్త్రజ్ఞుడు, దాస్యమునకు కాక ప్రకృతినుండి నేర్చుటకై పుట్టినదని చెప్పుచు 'గకుతెన్సొకు' అను యంత్రపుటాకృతిని నిర్మించెను. తన జీవులను రేకుడబ్బాలుగా మార్చివేసిన లోకముపై చాపెక్ 1935లో పత్రికాముఖమున నిరసన తెలిపెను. పండ్లచక్రములు, తీగెలు కూర్చినంతమాత్రమున జీవము పుట్టునని తానెన్నడును ఊహింపలేదనెను. ఎవరును వినలేదు. తెలుగున వాడుకకు వచ్చిన 'మరమనిషి' యను చక్కని మాటయు ఈ రెండవ అర్థమునే పట్టుకొన్నది. చాపెక్ చెప్పిన జీవికి 'వెట్టిమనిషి' యనుట దగ్గఱగా నుండును.

తరువాతి రచయితలలో ఐజాక్ అసిమోవ్ 1942లో 'రనరౌండ్' కథయందు రోబోట్లకు మూడు నియమములు విధించి, సృష్టి సృష్టికర్తను చంపునను భయమును తొలగింప యత్నించెను. ఆర్. యు. ఆర్. నాటకముగా బలహీనమైనదనియు, ఆ ఒక్క పదముచేతనే అమరమైనదనియు అతని తీర్పు. ఈ తీర్పు సమంజసము కాదు. అసిమోవ్ యంత్రము హద్దు మీఱకుండ ఏ కట్టుబాటు కావలెనని ఆలోచించెను. చాపెక్ కట్టుబాటే దోషమైనచోట ఏమగునని చూపెను. 1982 నాటి 'బ్లేడ్ రన్నర్' చలనచిత్రమందలి రెప్లికెంట్లు రక్తమాంసములు, పరిమితాయువు, దాస్యము గలవి గనుక రోసుమ్ కర్మాగారపు సంతతియే. శంకర్ తమిళమున తీయగా 2010లో తెలుగున 'రోబో' పేరుతో వచ్చిన చిత్రమునను చిట్టి యను రోబోట్‌కు అనుభూతులు లేవను లోపము దిద్దుటకై అనుభూతులు కల్పింపగా, వాడు ప్రేమలో పడి, కాదనిపించుకొని, తిరుగబడును. వస్తువును మెఱుగుపఱచబోయి మనస్సును తెచ్చుకొనుటయను గాల్ వైద్యుని చిక్కే అక్కడను కలదు.

చాపెక్ ఈ వస్తువును మఱల 1936లో 'సాలమాండర్లతో యుద్ధము' అను నవలలో చేపట్టెను. అచ్చట వెట్టివారు సముద్రపు ఉభయచరములు. వ్యంగ్యము మఱింత పదునైనది, హిట్లరు జర్మనీ పొరుగుననే యున్నది. 1938 డిసెంబరు 25న అతడు న్యుమోనియాచే ప్రేగ్ నగరమున మరణించెను. మూడు నెలలకు నాజీలు ఆ నగరమున ప్రవేశించి, అతడు చనిపోయిన సంగతి తెలియక నిర్బంధింపవచ్చిరి. యోసెఫ్ 1939 సెప్టెంబరు 1న పట్టువడి, దహౌ, బూహెన్వాల్డ్, సాక్సెన్‌హౌజెన్ శిబిరములలో కాలము గడిపెను. చిత్రకారుడగుటచే అతనిచే శిబిరపు చిత్రశాలలో పని చేయించిరి. 1945 ఏప్రిలులో బెర్గెన్‌బెల్సెన్ శిబిరమున అతడు మరణించెను. ఏ దినమున మరణించెనో ఎవరును వ్రాసియుంచలేదు.